కొసరి వడ్డించిన భోజనం

క్రెయిగీబర్న్‌లో మధ్యాహ్నం. ఆఫీసు నుంచి వచ్చిన భర్త అడుగుతుంటే భార్య గిన్నెలు కడుగుతూనే జవాబిస్తోంది.

“పక్కింటి వాల్టర్ అంకుల్ మన గేటు దగ్గర నిలబడి ఏడుస్తున్నాడేంటి?”

“పద్నాలుగు రోజులు నీళ్ళ మీదే ఉన్న అత్తయ్యగారు ఇవాళ ఉపవాసం విడిచారని చెప్పానండీ. ఏం పెట్టావన్నాడు.”

“ఏం పెట్టావ్?”

“పులిహోర, గారెలు, పాయసం. చాలన్నా వినకుండా కొసరి కొసరి వడ్డించాను.”

“దానికి ఏడుపెందుకు?”

“యుద్ధంలో నాజీ క్యాంపు గేటు తెరిచిన సైనికుల్లో ఆయనొకడట. ఎముకల గూళ్ళలా ఉన్న ఖైదీలకి జాలిపడి తన మాంసం డబ్బాలు, చాక్లెట్లు పెట్టేశాడట. ఎండిన ఒళ్ళు తట్టుకోలేక, తిన్నవాళ్ళు తిన్నట్టే పోయారట.”

“అమ్మ ఏదీ?”

“నీరసంగా ఉందని పడుకున్నారు. ఆయనేమో ఎమర్జెన్సీ నంబర్ ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిచాడు. చాదస్తం అనుకున్నా.”

“వెళ్ళి లేపు, త్వరగా!”

“ఏమండీ, ఏటా ఏప్రిల్‌లో వరండాలో కొవ్వొత్తి వెలిగించి పదకొండు పేర్లు చదువుతాడే, అవి ఆయన చేతి తిండి తిన్నవాళ్ళవేనట.”

“ఇప్పుడదెందుకు?”

“ఇందాక అత్తయ్యగారి పేరు అడిగాడండీ.”