అయిదున్నర గంటల తేడా

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులైన మా డైరెక్టర్ చంద్రయ్య గారికి, నా పక్కన కూర్చున్న పెద్దలకు, పని వదిలి వచ్చారో పని తప్పించుకుని వచ్చారో తెలియని మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రంలో ముప్పయ్యేళ్లు చేసి, చివరి ఏడాది ఈ హైటెక్ సిటీకి వచ్చాను. రామబ్రహ్మం గారు పొరపాటు చేయరని నా గురించి ఇప్పుడే, నాతో పనిచేసే ఆమని చెప్పింది. ఆ అమ్మాయి మర్యాదస్తురాలు. జూలైలో జరిగింది తన కళ్లతో చూసి కూడా అలా అంది కాబట్టి, ఆ సంగతి నేనే చెప్పాలి.

నా పని మీకు తెలుసు. మన దగ్గర ఉన్నది సర్వరనే ఒక్క పెద్ద కంప్యూటర్. అందులో ఒక్కో సంస్థకు ఒక్కో గది కట్టి, ఒకరి గదిలోది ఇంకొకరికి కనపడకుండా చూడాలి. ప్రతి గదినీ మొదటి నుంచి కట్టనక్కర లేకుండా అచ్చులాంటి ఒక టెంప్లేటు తయారుచేసుకుని, దాన్నే కాపీ చేసి, వాళ్ల అవసరానికి తగ్గట్టు మార్చి ఇచ్చేవాణ్ణి. డిస్కులో చోటు చాలక, ఆ టెంప్లేటులోంచి అక్కర్లేని ఫైళ్లు తీసేస్తూ నలభై మెగాబైట్లను పన్నెండుకి తెచ్చాను. ఆ పన్నెండు గురించి క్యాంటీన్‌లో ఎన్నిసార్లు చెప్పానో, రోజూ నాతో తినే సాయిచంద్‌ని అడగండి. (నవ్వులు) అలా తీసేసినవాటిలో, గదికి మన దేశపు సమయం చెప్పే చిన్న ఫైలు కూడా ఉంది. అది లేకపోతే ఆ గది గ్రీనిచ్ సమయం చూపిస్తుంది.

ఆ టెంప్లేటుతో కట్టిన మొదటి గది చందానగర్‌లోని ఒక దవాఖానది. రోగికి ఇంజెక్షన్ ఇవ్వగానే నర్సు కంప్యూటర్‌లో ఎక్కిస్తే, సమయం అదే వేసుకుంటుంది. నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి డాక్టరు గారు బాలమ్మ అనే ముసలావిడ కాగితం చూస్తే, ఆ రోజు ఇంజెక్షన్ పొద్దున ఏడింటికి ఇచ్చినట్టుంది. ఆరు గంటలు దాటాయి కదా, ఇంకొకటి ఇవ్వమన్నారు. నర్సు నీలమ్మ ఇవ్వనంది. "గంటన్నర కిందనే నా చేత్తోని ఇచ్చిన సారూ. మళ్లిస్తే పెద్దమ్మ పానానికే వస్తది" అంది. ఇవ్వలేదు కాబట్టే బాలమ్మ బతికి ఇంటికి వెళ్లింది.

డాక్టరు గారు నాకు ఫోన్ చేశారు. నేను సర్వరు గడియారం చూశాను. సర్వరుది సరిగ్గానే ఉంది. గది లోపలికి వెళ్లి చూడలేదు. "మా వైపు తప్పేం లేదండీ, ఆ నర్సే ఇంజెక్షన్ ఇవ్వకముందే ఏడింటికి ఎక్కించేసి ఉంటుంది" అన్నాను. నీలమ్మను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత మూడో రోజు ఆమె మన ఆఫీసుకి వచ్చింది, సంచీ నిండా కాగితాలతో. నా బల్ల మీద పరిచింది.

"జర సూడుండ్రి సారూ. పొద్దుగాల ఆరున్నరకు ఎక్కించింది రాత్రి ఒంటిగంట అని పడ్డది. ఒంటిగంటకు నేను లింగంపల్లిల మా ఇంట్ల పండుకొని ఉంటి. అన్నిట్ల అయిదున్నర గంటలే తేడా. నేను అబద్ధమాడితే రోజూ గంతే ఆడుతనా?"

అయిదున్నర అనగానే నాకు తెలిసిపోయింది, మన సమయానికీ గ్రీనిచ్ సమయానికీ తేడా అంతే. తీసేసిన ఆ ఫైలు తిరిగి పెట్టడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

అధ్యక్షులు క్షమించాలి. ఆ రోజు చంద్రయ్య గారు నాతో, "సరిజేసిన్రు గదా, ఇగ ఫికరెందుకు? బయటికి తెలిస్తే ఉన్న నలుగురు కస్టమర్లు పోతరు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఒక రోజంతా నేనూ అలాగే అనుకున్నాను, పైగా ఆయన అలా అన్నందుకు సంతోషించాను. మర్నాడు ఆమని నా పక్క కుర్చీలోంచి, తల ఎత్తకుండా, "గడియారం సరే, ఆవిడ ఉద్యోగం ఎవరు సరిచేస్తారండీ?" అంది.

నేను చందానగర్ బయలుదేరాను. గేటు దగ్గర చంద్రయ్య గారి స్కూటర్ ఆగింది. "కూసోండ్రి, ఒక్కరే పోయి ఏం తిట్లు తింటరు" అన్నారు. ఇద్దరం కలిసే తిన్నాం. (నవ్వులు) డాక్టరు గారు మన గదిని ఆ రోజే వద్దనుకున్నారు, నీలమ్మకు మళ్లీ పనిలోకి రమ్మని కబురు పంపారు.

నీలమ్మ ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. ఆమె కోప్పడలేదు. "ఫోన్ల నా మీద చెప్పేముందు, నన్నొక్క మాట అడగకపోతిరి సారూ" అని, మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ నీళ్లు తాగి వచ్చేశాను.

శాలువా కప్పిన చంద్రయ్య గారికి, ఆమనికి, సాయిచంద్‌కి, మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ సభకు నీలమ్మను కూడా పిలిచాను. దవాఖానలో సాయంత్రం డ్యూటీ ఉందట, రాలేనంది. ఆమె రాకపోయినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ఇక నాకు సెలవు.