అత్తయ్య జరిపిన మేకు

సముద్రపు గట్టు మీది ఇంటి పెరట్లో తాపీమేస్త్రీ టేపు చుట్టేశాడు. గడపలో కూర్చున్న అత్తగారు ఉల్లిపాయలు ఒలవడం ఆపలేదు.

“గట్టు అంచు నుంచి మేకుకి ఇరవై అడుగులు, అత్తయ్యా. పోయినేడు కోత తెలియడానికి నేను దిగ్గొట్టినప్పుడూ ఇరవయ్యే.”

“చూశావా? గట్టు చెక్కుచెదరలేదు.”

“మేకు నుంచి గడపకి మాత్రం అప్పుడు ముప్పై, ఇప్పుడు పద్దెనిమిది. ఇల్లు నడిచొచ్చిందా?”

“కాలికి తగులుతోందని కాస్త జరిపాను.”

“పన్నెండడుగులా?”

“ముసలిదాన్ని. కొలిచి జరుపుతానా?”

“ఈ గట్టు రాయి కాదత్తయ్యా. ఏ కాలంలోనో మంచునది కొండల మీంచి ఈడ్చుకొచ్చి పోసిపోయిన మట్టీ గులకరాళ్ళూ. అల పైన ముట్టదు, కింద తొలుస్తుంది. మీరు బట్టలు ఆరేస్తుండగానే కూలిపోతుంది. పెట్టె సర్దండి, మా ఇంటికి పోదాం.”

“కూతురే లేని ఇంట్లో అత్తకేం పని? పిలిచావు, అదే చాలు. రేపు ఇంకొకామెను తెచ్చుకుంటే నేనెవరిని?”

మేస్త్రీకి ఓదార్చడం చేతకాదు. భార్య పోయినప్పుడు తనను ఓదార్చడానికి వచ్చినవాళ్ళను అతడు ఇప్పటికీ క్షమించలేదు.

“నన్ను తిట్టే మనిషి లేక రెండేళ్ళయింది. మీ అమ్మాయికి ఆ విద్య నేర్పింది మీరే కదా.”

అత్తగారు అతడిని పైనుంచి కిందికి చూసింది.

“ఆ చొక్కా ఉతికి ఎన్నాళ్ళైంది? చూడలేకపోతున్నాను. మంచం కింద పెట్టె ఉంది, తీసుకురా. మూత జాగ్రత్త, నీ చేతిలో ఏదీ దక్కదు.”