ప్రయాణానికి ముందు

రాకెట్ పక్కన చలిగాలి కొరికేస్తోంది. గాల్కా అనే వీధికుక్కను ఇరుకు డబ్బాలో పట్టీలతో కట్టేశారు. ఇక మూత బిగించడమే మిగిలింది. దాన్ని ఏడాదిగా సాకిన జినైదా పనిముట్ల పెట్టె మీద కూలబడింది.

"లేవండి, జినైదా పావ్లొవ్నా. మూత వెయ్యాలి."

"మీరూ కూర్చోండి, డాక్టరుగారూ. ప్రయాణానికి ముందు కాసేపు కూర్చోకుండా మీ ఇంట్లో ఎవరైనా గడప దాటారా?"

"అది క్షేమంగా తిరిగి రావాలని కూర్చోవడం. దీనికి తిరిగి రావడం లేదని మీకూ తెలుసు."

"నాకు తెలుసు. దానికి తెలీదుగా. ఎన్ని ఇరుకు బోనుల్లో పెట్టినా ప్రతిసారీ నేనే పట్టీలు విప్పి సాసేజ్ ముక్క పెట్టాను. అందుకే ఇవాళ కూడా తోకాడించుకుంటూ తనే దూరింది."

"కరుస్తుందని ఒక్క మాట చెప్పాల్సింది. వదిలేసేవాళ్లం."

"దీన్ని వదిలేసి ఆ రెండో కుక్క ఝుచ్కాను ఎక్కించేవాళ్లు. అది పిల్లల తల్లి."

డాక్టరు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"చూశారా, మనల్ని చూసి పట్టీల్లోనే అదీ కూర్చుంది."

"మీవైపే అలా చూస్తుందేం?"

"బుద్ధిగా కూర్చుంటే విప్పుతానని నేనే నేర్పాను."