కుడి పైట సుంకులమ్మ

సుంకులమ్మని ఒకామె ఉండేదంట. కొండకవతల పల్లెలో పుట్టి, కొండకివతల ఊరికి కోడలై వచ్చింది. ఆ ఊరి పేరు నేను చెప్పను, ఆ ఊరోళ్లు ఎవురన్నా ఇంటే నా మీదికొస్తారు. మీరు చేతులాపబాకండమ్మా, చెనిక్కాయలు వలస్తానే ఇనండి. ఆ సుంకులమ్మ పుట్టినూర్లో ఆడోళ్లందరూ పైట కుడి భుజం మీద ఏస్తారు. ఈ ఊర్లో ఎడమ భుజం మీద, మన మాదిరి. అంతే తేడా. కోకా అదే, కుచ్చిళ్లూ అవే. పైట ఒగటి ఆ భుజం బదులు ఈ భుజం మీద ఉండాది. దానికి ఊరు ఊరంతా ఎట్ల లేసిందో సూడండి.

కొత్త కోడలు కడవెత్తుకోని చేదబావి కాడికి పోయిందా, ఆడ ఆడోళ్లు సూసి మూతికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వినారంట. ఏమ్మే, అద్దంలో సూసుకుంటా కట్టుకున్యావా కోక అని ఒగామె. వాళ్లమ్మ నేర్పించింటే గదా అని ఇంగొగామె. అమ్మ మాట ఎత్తితే ఎవురికైనా మండుతాది గదా. మా అమ్మే నేర్పించింది, అందుకే ఇట్ల ఏసుకున్యా అనింది సుంకులమ్మ. అంతే, చేదతాడు ఆమె చేతికి ఇయ్యల్యా. అందరూ తోడుకోని పొయ్యేదాకా ఎండలో నిలబడి, ఆఖర్న తోడుకోని వచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పేరు పెట్టి పిలిచేదే మానేసినారంట, కుడిపైటామె వచ్చె, కుడిపైటామె పాయె, ఇదే మాట.

ఇంట్లో అత్త ఓబుళమ్మ. చెడ్డది గాదు పాపం, కానీ ఊరంటే భయం. యామ్మా, ఒగ పూట మార్చుకుంటే పాయె గదా, నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు ఎన్ని మార్చుకున్యానో నీకేం తెలుసు అనింది. మార్చుకోని సుఖపడినావా అత్తా అంటే, ఆయమ్మ చాట తీసుకోని బియ్యం చెరుగుతా కూచునింది. ఇంగ మొగుడు పుల్లన్న ఉండాడు. మంచోడే. పెండ్లామంటే ప్రాణమే. కానీ నోరు లేదనుకో. ఏమన్యాడంటే, గుడ్డ ముక్క ఎటేస్తే ఏముందే, ఏమీ కాని దానికి ఊరితో తగువెందుకు అన్యాడు. అప్పుడామె ఏమనిందో ఇనండి. ఏమీ కాకపోతే ఆ మాట ఊరికి చెప్పు, ఏమీ కాదు గదా ఇడిసిపెట్టండి అని చెప్పు, నాకెందుకు చెప్తావు అనింది. వాడు తల గీరుకోని ఎద్దులకు మేతేసేదానికి పాయె.

ఇట్లుండంగా ఏమైందంటే, తిర్నాల దగ్గరికి వచ్చింది. ఆ ఊరి గుట్ట మీద గుట్టమ్మని ఒగ అమ్మోరు ఉండాది. తిర్నాలకు ముందు, ఆ ఏడు ఊర్లోకి వచ్చిన కొత్త కోడలు పోయి అమ్మకు నీళ్లు పోసి రావాల. అది ఆ ఊరి కట్టు. నీళ్లు పొయ్యడమే, రుద్దేది లేదు, కడిగేది లేదు. పసుపు మీద పసుపు, నూనె మీద నూనె, తాతల కాలం నుంచి పూస్తానే ఉండారు. అమ్మ మొగమొగటే కనపడతాది, కిందంతా అట్ట కట్టుకోని ఉండాది. దాని మీద ఒగ కోక చుట్టి, పైట ఎడమ తట్టుకు ఏస్తారు. ఊరి పెద్ద బయన్న రచ్చబండ మీద కూచోని అందర్నీ పిలిపించినాడు. పుల్లన్న పెండ్లామా, పైట మార్చుకోని గుట్టెక్కి అమ్మకు నీళ్లు పొయ్యి, నువ్వు మా ఊరి దానివి. మార్చుకోకపోతే నీ కడవ నువ్వు ఎత్తుకోని అట్నుంచటే పుట్టింటికి పో, ఈ ఊర్లో నీకు ఇల్లు లేదు, మొగుడు లేడు అన్యాడు. పుల్లన్న కాలి బొటనేలితో నేల గీకుతా ఉండాడు. సుంకులమ్మ వాడి తట్టు ఒగసారి సూసింది. సూస్తే కండ్లల్లో నీళ్లు తిరిగినాయంట. తుడుసుకోని, నీళ్ల కడవెత్తుకోని, కుడి పైట కుడి పైటే ఉండంగా గుట్టెక్కింది.

ఎక్కి సూస్తే అమ్మ ఒంటి మీద అంత మందాన మురికి. ఇంగ కోపం యాడ తీర్చుకోవాల? ఊరి మీద తీర్చుకునేదానికి ల్యా, మొగుని మీద తీర్చుకునేదానికి మనసు రాల్యా. అమ్మ కోక ఇప్పి పక్కన పెట్టి, కొట్టిన టెంకాయ పీచు ఆడుంటే తీసుకోని, కడవలో నీళ్లు పోస్తా అంట్లు తోమినట్ల తోమింది. తోముతా ఏడుస్తాంది, ఏడుస్తా తోముతాంది. అట్ట పెల్లలు పెల్లలుగా ఊడింది. ఊడేకొద్దీ మెడలో రాతి హారం వచ్చింది, చేతులొచ్చినాయి, ఆమీట భుజం మీద పైట వచ్చింది. సుంకులమ్మ పీచు కింద పడేసింది. అమ్మ పైట కుడి భుజం మీద ఉండాది. నిన్ను గూడా మార్చినారా తల్లీ, నోరు లేదని నిన్ను గూడా మార్చినారా అని, గంట పట్టుకోని వాయించింది సూడు, ఊరంతా గుట్టకు పరిగెత్తింది.

బయన్న ఎగపోసుకుంటా వచ్చి సూసినాడు. ఇది ఎడమే గదా అన్యాడు. నీ ఎడమ గాదు పెద్దమామా, అమ్మ పక్కన నిలబడి సూడు అనింది. పోయి అమ్మ పక్కన నిలబడి జనం తట్టు తిరిగినాడు. భుజాలు తడుముకున్యాడు. కుడే మామా, కుడే అని కింద నుంచి అరిచినారు. అయినా ఒప్పుకుంటాడా? చెక్కినోడు తాగి చెక్కింటాడు, ఉలి తెండి, సరిచేద్దాం అన్యాడు. తెండి మామా, ముందు అమ్మ పైట మార్చు, ఆమీట నా కాడికి రా అనింది సుంకులమ్మ. ఒగడన్నా కదిలితే ఒట్టు. అమ్మోరి మీద ఉలి పెట్టేదానికి ఎవుడికి గుండె ఉండాది? అప్పుడు అత్త ఓబుళమ్మ గుంపులో నుంచి ముందుకొచ్చి, నా కోడలు యాడికీ పోదు అనింది. ఆయమ్మ ఊరికి ఎదురు మాట్లాడింది అదే మొదులంట.

బయన్న సూసినాడు, ఇంగ లాభం లేదని గొంతు సవరించుకున్యాడు. సరే, అమ్మదీ కుడి పైటే గాబట్టి నువ్వు గూడా కుడికే ఏసుకో, ఊరు ఒప్పుకునింది అన్యాడు. ఇంగొగామె అయితే దండం పెట్టి కిందికి దిగొస్తాది. సుంకులమ్మ ఏమనిందంటే, అమ్మది ఏ తట్టో తెలిసి నేను గుట్టెక్కల్యా మామా. అమ్మది ఎడమ పైటై ఉన్యా నేను మార్చుకునేదాన్ని గాదు. మీరు ఒప్పుకున్యారని ఏసుకుంటే, రేపు మీరు కాదన్యప్పుడు తియ్యాల్సొస్తాది. నా పైట మా అమ్మ ఏసింది, మీ ఒప్పుదల నాకెందుకు అనేసింది. అప్పుడు పుల్లన్న ఖాళీ కడవ తన భుజానికెత్తుకోని, అందరూ సూస్తా ఉండంగానే పెండ్లాం ఎనక ఇంటికి నడిచినాడు. మొగోడు కడవెత్తుకునేది ఆ ఊర్లో ఎవురూ సూసి ఎరగరు.

ఇప్పుడు గూడా ఆ గుట్టమ్మకు పసుపు మెడ దాకానే పూస్తారంట. కింద పూసేదానికి భయం, ఎందుకన్యా మంచిదని. అదేమప్పా అని అడిగి సూడండి, మా ఊర్లో మొదట్నుంచీ ఇంతే అంటారు. మొదట్నుంచీ అంట! ఊర్లకు సిగ్గు తక్కువమ్మా, ఓడిపోయినా అదే మా కట్టు అంటాయి. కానీండి, కాయలన్నీ అట్లనే ఉండాయి, కత ఇంటా చేతులు ఆపేసినారు గదా.