ఒక్కదానికే ఇచ్చిన గుత్త

చూసినవు గదా ద్వాళీ, నిన్ను నా గడపల చూసి ఎదురింటి ముత్తమ్మ తలుపెట్ల ఏసుకున్నదో. మొన్నమొన్నటిదాంక గదే ముత్తమ్మ పొయ్యిల నిప్పుకు నా ఇంటికే వచ్చేది. ఇప్పుడు నా నీడ గూడ పడొద్దంట. నేను క్యాంపు తిండి తిన్నదాన్నంట. మిలిటరోళ్ల మనిషినంట.

చీపురు పట్టుకొని పోయిన చెల్లె. గంతే. తుపాకి పట్టుకొని పోయిన్నా?

లోపటికి రా. ఆ గోడ పక్కకు కూసో, బజార్లకెల్లి కనవడవు. పిల్లను ఒళ్లె పండవెట్టుకో. గీ గంజి తాగు. తండా కాన్నుంచి నడిసే వచ్చినట్టున్నవు, కాళ్లు చూడు ఎట్ల పలిగినయో.

వాల్యా సంగతి అడుగుదామని వచ్చినవు. నాకెరుకే. పెనిమిటి కోసం తిరిగే ఆడిదాని మొఖం వేరే ఉంటది. చెప్త. కని మొదటికెల్లి చెప్పనియ్యి. నేనా గడిలకు ఎందుకు పోయిన్నో తెల్వకుంటే, ఆఖరికి నేను చెప్పేది నువ్వు నమ్మవు.

మా అవ్వ దొర గడిల వెట్టికి ఊడ్చింది. ఇంత పెద్ద వాకిలి, అన్ని అర్రలు. కూలి అన్న మాటే ఎరుగదు. వంగిన నడుము వంగినట్టే సచ్చిపోయింది. సంగపోళ్లొచ్చి దొరను ఎల్లగొట్టినంక వెట్టి బందైంది. నా మొగడు అంతకుముందే గత్తర రోగంల పోయిండు. ఇగ నాకు ఊర్లె ఏమున్నది? కోసెడు దూరంల ఉన్న గీ జనగామకొచ్చిన.

ఇండ్లు ఊడ్చుడు, కడుగుడు, పండుగలకు సున్నం ఏసుడు. టేషన్ కాడ రైలు బాబు పెండ్లాం మొదటి దినం నన్ను అడిగింది, "ఏం తీస్కుంటవు కట్టమ్మా?" అని. మా ఇంట్ల ఆడోళ్లను గట్ల అడిగినోళ్లు ఎవ్వలు లేరు. ఆ సంబురం నీకెట్ల చెప్పాలె. ఆ దినం ఆమె ఇంటి గచ్చు అద్దం లెక్క కడిగిన.

అప్పటికెల్లి ఆశ పుట్టింది. ఒక్కొక్క ఇల్లు ఎన్నిరోజులు చేస్త? పత్తి మిల్లున్నది, ముసాఫిర్‌ఖానా ఉన్నది, సావుకార్ల గోదాములున్నయి. గసొంటి పెద్ద పని ఒక్కటన్న నా పేరు మీద గుత్త పట్టాలె అని. ఎక్కడికి పోయినా పోశాలు మేస్త్రి నాకంటే ముందున్నడు. ఆయినెనుక పదిమంది కూలోళ్లు. నన్ను చూసి మిల్లు గుమాస్తలు నవ్వుతరు. "ఒక్కదానివి, నీతోని ఏమైతది?" అంటరు. ప్రతిసారి గదే మాట. ఒక్కదానివి.

గందుకే, మిలిటరోళ్లు మా ఊరి గదే గడిల క్యాంపు పెట్టినంక, పెద్ద సాబ్ చూడవస్తున్నడు, గడి మొత్తం కడిగి సున్నం ఏసెటోళ్లు గుత్త పాటకు రావాలె అని డప్పు కొడితే నేను పోయిన. అవును, గడి అని తెలిసే పోయిన. అవ్వ ఊరికే ఊడ్చిన వాకిలి నేను గుత్త పట్టి ఊడుస్త అనుకున్న. గర్వమే అనుకో.

వాకిట్ల బల్లేసుకొని జమేదారు కూసున్నడు. పక్కకు మున్షీ. జమేదారు హిందీల అడుగుతడు, మున్షీ తెలుగుల చెప్తడు. పోశాలు చేతులు కట్టుకొని, పదిమందిని తెస్త సాబ్, రెండ్రోజులల్ల అద్దం లెక్క చేస్త అన్నడు. ఇంకెవరో హన్మకొండాయిన ఇరవైమంది అన్నడు. నేనేం చెప్పాలె? ఒక్కదాన్నే చేస్త, ఎక్కువ దినాలు పడతది, కని పని మాత్రం పక్కాగ ఉంటది అన్న. అందరు నవ్విన్రు.

జమేదారు నవ్వలే.

నన్ను దగ్గరికి పిలిచిండు. ఇంట్ల ఎవలున్నరు అని అడిగిండు. ఎవల్లేరన్న. మొగడు? పోయిండన్న. పిల్లలు? లేరన్న. అన్నదమ్ములు? లేరన్న. ఇరుగుపొరుగుతోని మాటలు గీటలు ఉంటయా అన్నడు. నాకు తీరికేది సాబ్, పొద్దున పోతే పొద్దూకి వస్త అన్న. నేనేదో గట్టిదాన్నని చూసుకుంటున్నడు అనుకున్న చెల్లె. ఒక్కొక్క దానికి లేరు లేరు అని తల ఎత్తుకొని చెప్పిన.

పని నీకే అన్నడు.

బయటికొచ్చినంక పోశాలు నన్ను చింతచెట్ల కాడ ఆపిండు. ఎన్నడు నాతోని మంచిగ మాట్లాడని మనిషి. "కట్టమ్మా, గీ పని నాకు రాలేదని నాకు బాధ లేదు. నువ్వు గూడ రోగమొచ్చిందని చెప్పి మానుకో" అన్నడు. కుళ్లు అనుకున్న. "ఇన్నేండ్లకు ఒక్కటి నా చేతికొస్తే ఓర్వవా మేస్త్రీ?" అని అడిగిన. ఆయిన రుమాలు దులుపుకొని పోయిండు.

ముందుగాల వాకిలి చేపిచ్చిన్రు, అరుగులు చేపిచ్చిన్రు. బాగనే ఉండె. తుపాకోడు ఒకడు నా ఎంబడే తిరిగెటోడు, పిల్లగాడే, ఏ దేశమో ఏమో, నేను బొక్కెన ఎత్తితే పట్టబోయెటోడు. ధాన్యం అర్రల దిక్కు మాత్రం పోనియ్యలే. అక్కడికెల్లి ఏదో వాసన వచ్చేది. ఎలుకలు సచ్చినయేమో అనుకున్న.

తర్వాత ఒకనాడు మొదటి అర్ర తాళం తీసిన్రు. గోడ కడుగు అన్నరు.

ఏం చెప్పాలె ద్వాళీ. గోడకు మనిషి కూసున్నంత ఎత్తుల నెత్తురు. దాని మీద చేతుల గుర్తులు, లేవబోయి జారినట్టు. నేను తుపాకోని దిక్కు చూసిన. ఆ పిల్లగాడు మొఖం అటు తిప్పుకున్నడు. నేను కడిగిన. కడిగి సున్నం కొట్టిన. ఎండినంక ఎర్రగ మళ్ల పైకి తేలింది. ఇంకో పూత కొట్టిన. మళ్ల తేలింది. మున్షీ వచ్చి, "పెద్ద సాబ్ వచ్చేటాళ్లకు తెల్లగుండాలె" అని పోయిండు.

అప్పుడు తెలిసింది నాకు. పదిమంది పదిండ్లకు పోయి పది నోర్లతోని చెప్తరు. ఒక్కదాని నోరు మూసుడు ఎంతసేపు? నేను చేసే పని చూసి గాదు నాకు ఇచ్చింది.

మానుకోవచ్చు గదా అంటవా? ఎట్ల మానుకుంట? చూసినంక మానుకుంటే ఇడుస్తరా?

పక్క అర్ర తలుపు మూసే ఉండె. దాని ముంగట గచ్చు కడుగుతుంటే లోపటికెల్లి "అక్కా, నీళ్లు" అని వినవడ్డది. తుపాకోడు బీడీకి పోయిండు. నా కొంగు ముంచి తలుపు కిందికెల్లి లోపటికి తోసిన. పీల్చుకున్నడు. మళ్ల తోసిన. పేరు అడిగితే వాల్యా అన్నడు. తండా పేరు చెప్పిండు. నీ పేరు చెప్పిండు. పిల్ల లచ్చికి నోట్ల పండ్లొచ్చినయా అని అడిగిండు నన్ను. నాకేం తెలుసు, వచ్చినయి అన్న.

ఆగు. నోరు మూసుకో చెల్లె, బజార్ల జనమున్నరు. కొంగు నోట్ల కుక్కుకో. గట్లనే. గిది గూడ విను, ముఖ్యమైంది గిదే.

అడివిల ఉన్న సంగపోళ్లకు జొన్నరొట్టెలు ఎవలు మోసుకపోయిన్రో చెప్పుమని కొడుతున్నరంట ఆయిన్ను. "నేను చెప్పలే అక్కా, చెప్ప గూడ చెప్ప. కని పక్కోడు దెబ్బలకు తాళేటట్టు లేడు. ఆడు చెప్తడు. ద్వాళిని తండాల ఉండొద్దను. నా కోసం గడి కాడికి రావొద్దను. మానుకోట దిక్కు వాళ్లవ్వ తండాకు పొమ్మను" అన్నడు. రొట్టెలు మోసింది నువ్వేనా, ఇంకెవరన్ననా, నాకు చెప్పకు. నేను అడుగుతలేను.

తెల్లారి పోయేటాళ్లకు ఆ అర్ర తలుపు బార్ల తెరిచున్నది. వాకిట్ల లారీ గాన్లు దొర్లిన జాడలు. గిది గూడ కడుగు అన్నరు. లోపలున్నోళ్లు ఏరి అని మున్షీని అడిగిన. "వరంగల్ జైలుకు తోలిన్రు" అన్నడు. లారీ జాడ వరంగల్ దిక్కు లేదు. అడివి దిక్కున్నది. మూలకు వాల్యా రుమాలు పడున్నది, కొంగు తోసినప్పుడు తలుపు కింది సందులకెల్లి నాకు కనవడ్డదే. జైలుకు తోలెటోన్ని రుమాలు గూడ చుట్టుకోనియ్యకుండ తోలుతరా?

నేను కళ్లతోని చూడలే ద్వాళీ. బతికిండని చెప్పలేను, పోయిండని చెప్పలేను. కని నువ్వు ఆశ పెట్టుకొని ఆ గడి ముంగట నిలవడొద్దు. నా మనసుకు మాత్రం తెలుసు.

గిదిగో రుమాలు. తుడిచే గుడ్డలల్ల కలిపి తెచ్చిన. నీళ్లల్ల జాడిచ్చిన, మరకలు నువ్వు చూడొద్దని. జాడియ్యకపోయేది ఉండె. ఆయిన వాసనన్న మిగిలేది నీకు. అప్పుడు తట్టలే.

ఇంకోటున్నది. నిన్న పెద్ద సాబ్ వచ్చి చూసి బాగున్నదన్నడంట. జమేదారు నన్ను పిలిచి, చిట్యాల అవతల అడివిల కొత్త క్యాంపు పడ్డది, గిదానికంటె పెద్దది, పాట గీట లేదు, పని నీకే అన్నడు. ఇయ్యాల పగటీలి, పొద్దు నెత్తి మీదికొచ్చేటాళ్లకు లారీ వస్తది నా కోసం. ఎన్నిరోజులు సాబ్ అంటే చెప్పలే. మళ్ల నన్ను ఎవలు దించుతరు అని మున్షీని అడిగిన. ఆయిన కండ్లు కిందికేసిండు. ఎన్నడు లేంది, "ఇంట్ల దీపం పెట్టే పని ఎవలకన్న చెప్పినవా?" అని అడిగిండు. పాపం, ఆయినకు అంతకంటె చెప్పే ధైర్నం లేదు.

నీతోని రమ్మంటున్నవా? పిచ్చిదానా. లారీ వచ్చేటాళ్లకు నేను ఇంట్ల లేకుంటే వాళ్లు ముందుగాల పొయ్యేది రైలు టేషన్‌కే. నా ఇంటికి ఎవలొచ్చిన్రో ముత్తమ్మను అడుగుతరు. ఆమె చూసింది నిన్ను. మంచిదే, కని భయస్తురాలు. చెప్తది.

నేను ఉంటనే నీకు జర టైం దొరుకుతది. వాళ్లొస్తరు. నేను సున్నం బస్తా సాలదని కొట్లాడుత. కుంచెలు అరిగినయి, కొత్తయి కావాలె అని నేనంట. అంగడికి తోలుకపో అంట. గింత పెద్ద పని గుత్త పట్టినదాన్ని, గా మాత్రం సతాయిచ్చినా తప్పులేదు. అంతల నీ రైలు కాజీపేట దాటాలె.

నా గురించి ఏముంది తియ్యి. పెద్ద పని కావాలె కావాలె అని తిరిగిన. దొరికింది.

లే. పెరటి దిక్కుకెల్లి పో, కంచెల సందున్నది. రుమాలు పిల్ల బట్టలల్ల పెట్టుకో. నీ అద్దాల రైక మీదికెల్లి గీ నా పాత చీర కప్పుకో, మనిషి జర తీరు మారుతది. మానుకోటల దిగినంక బండ్ల తొవ్వ పట్టకు, చేన్ల పడి పో.

ఇంకొక్క మాట. టేషన్ల ఏడువకు. పోలీసోళ్లు ఏడిచే ఆడిదాన్నే ఎక్కడికి పోతున్నవని అడుగుతరు.