బొమ్మలో దీపం

ఆ రోజు ఇంట్లో పిన్ని, బాబాయి, నేను ముగ్గురమే ఉన్నాం. చూపు మందగించినప్పటి నుంచి బాబాయి రంగు ట్యూబుల్ని వరస లెక్కన తడుముకుని తీసుకుంటున్నాడు. ఆయన గీస్తున్న రాత్రి బొమ్మ ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు. నేను టీ గ్లాసులతో గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"బొమ్మలో వీధి చీకటిగా ఉందా?" అడిగాడు బాబాయి.

"కాటుకలా ఉందండీ."

"మరి కిటికీలో దీపం? పొద్దుటి నుంచీ పసుపు వేస్తూనే ఉన్నాను. ఆ వెలుగు, కింద వీధిలో నిలబడ్డ మనిషి భుజం మీద పడాలి."

"పడుతోందండీ."

"నీకు అబద్ధం అతకదే. నిజం చెప్పు."

"నిన్న ట్యూబులు తుడిచి సర్దాను. పసుపు ఉండాల్సిన చోట నలుపు పెట్టేశాను."

"అయితే దీపం?"

"లేదు. మనిషీ లేడు. అంతా నలుపే."

"పొద్దుటి నుంచీ నలుపు పూస్తున్నా నాకు తెలియలేదా? పోయిన వారం దాకా పసుపొక్కటైనా కంటికి ఆనేది కదే!"

"మళ్లీ వేద్దాం. చెయ్యి నేను పట్టుకుంటాను."

"ఆ బొమ్మలో మనిషి ఒంటరివాడే పిచ్చిదానా. నువ్వు చెయ్యి పట్టుకుంటే ఎలా కుదురుతుంది?"

"ఏడవకండి."

"పిల్ల చూస్తోందేమో."

"ఇక్కడెవరూ లేరండీ," అంటూ పిన్ని నా కళ్లలోకే చూసి, చప్పుడు కాకుండా తలుపు వేసేసింది.