సమ్మన్న గల్లీల ఆగిన బ్యాండు

"తాతా, మా తాత పోయినంక నువ్వు క్లారినెట్ పక్కకు వెట్టినవట గద. మల్ల ఎందుకు పట్టినవు?"

గది అడుగుతానవా బిడ్డా? కూసో, కూసో. గా కుర్చీల కాదు, దానికి ఓ కాలు ఊగుతది. పీట మీద కూసో. చాయ్ తాగుతవా? తాగవా. గీ కాలం పిల్లలు చాయ్ గూడ తాగరు.

ఏమన్నవ్? ఆఁ, మీ తాత. మీ తాత సమ్మయ్యది పెద్ద డ్రమ్ము, నాది క్లారినెట్. నాకన్న జర పెద్దోడు, సమ్మన్నా అనేటోన్ని. కాశిబుగ్గల ఒక్క గల్లీనే మాది... కాదు కాదు, వాళ్లది ఇవుతల గల్లీ, మాది అవుతలది. గప్పుడు పెండ్లంటె బ్యాండే. మరిపెడ దిక్కు లగ్గాలకు లారీల పోయేది, డ్రమ్ముల నడుమ పండుకోని. ఎర్ర కోటు, జరీ టోపీ. ఎండకాలం గా కోటేసుకుంటె మనిషి ఉడికిపోవుడే. చాయ్ పావలకు వచ్చేది, గది గూడ నిండ గిలాస.

పెండ్లోళ్లు బ్యాండోళ్లకు ఆఖరుకు బువ్వ పెడ్తరు, ఎరుకేనా? సమ్మన్న ఊకుంటడా? సక్కగ వంటోని కాడికి పోయి, "అన్నా, క్లారినెటోడు ఊదాలె, కడుపుల ఏమన్న ఉంటెనే గద దమ్ము వచ్చేది, జర వానికి పెట్టు" అనేటోడు. నా పేరు జెప్పి ముందుగాల తనే కూసునేటోడు. గసొంటోడు మీ తాత. నవ్వుతానవా? నవ్వు, నవ్వు.

గిప్పుడు డీజేలొచ్చె. గోడలు వనుకుతానయ్, పిల్లగాండ్లు ఎగురుతాండ్రు. ఎగురనీ తియ్. నేనేం జెప్తాన... ఆఁ, మీ తాత నడక దెబ్బ.

నేను కండ్లు మూసుకోని ఊదేటోన్ని బిడ్డా. రోడ్డు మీద నడుసుకుంట కండ్లు ఎట్ల మూస్తవ్ అంటవేమో. ఎనుక సమ్మన్న డ్రమ్ము ఉన్నది గద! గా దెబ్బకు కాలు దానంతట అదే పడేది. ముందట గుంతొస్తె జర మెల్లగ కొట్టేటోడు, నేను మెల్లగయ్యేటోన్ని. బండో బర్రో అడ్డమొస్తె బంద్ చేసేటోడు, నేను నిలవడేటోన్ని. బతుకంత గట్లనే నడిసిన.

గసొంటోనికి ఓ దినం ఛాతిల నొప్పి లేసింది. దవాఖానకు తీస్కపోయినం. ఇంటికి మనిషి రాలే.

ఇగ నాకు శాతగాలే. క్లారినెట్ నోట్ల వెట్టుకుంటె ఊపిరి గొంతుకాడనే ఆగుడు. మా ఇంటామెకు జెప్పిన, అయిపోయిందే, నా పని అయిపోయిందని. ఆమె క్లారినెట్ పెట్టె మీద బట్ట కప్పింది.

గానీ ఓ కిరాణ శావుకారి బిడ్డ లగ్గానికి బయానా పైసలు వట్టి ఉన్నం. సమ్మన్న ఉన్నప్పుడే వట్టింది. మాటిచ్చినంక రాము అంటె ఆడివిల్లోళ్లు ఏం గావాలె? గిదొక్కటి చేసి ఇడిసిపెడ్త అనుకోని పోయిన. డ్రమ్ముకు కొత్తోన్ని తెచ్చినం. మంచోడే పాపం, గానీ వాని దెబ్బకు నా కాలు పడలే. కండ్లు తెరుసుకోనే నడిసిన, ఊదుడు గూడ ఊదినట్టు లేకుండె.

పొద్దుగాల గుడికాడ పెండ్లిపిలగాన్ని ఎదుర్కొని తోల్కొస్తానం. పెద్ద రోడ్డు మోరీ కాలువ కోసం తవ్వి వెట్టిన్రు. ఇగ మీ గల్లీలకెళ్లే రావాలె. సావైన ఇంటి ముందట దినాలు గాకముందు బ్యాండు కొట్టద్దు బిడ్డా. గల్లీ మొగదల ఆపాలె, దాటినంక అందుకోవాలె. గిది మాకెవలు నేర్పలే, అందరికి ఎరుకే. నేనే చెయ్యెత్తి ఆపిన. ఇగ సూడు, పెండ్లి మంది, పట్టుచీరెలు, సప్పుడు లేదు. ఉత్త చెప్పుల సప్పుడు. సమ్మన్న ఇంటి ముందటికెళ్లి గట్ల పోవుడంటె నాకు పానం గిలగిలలాడింది.

గప్పుడు లోపట్నుంచి మీ నాయినమ్మ మాట్లాడింది. తలుపు దగ్గరకేసి ఉన్నది. పెండ్లోళ్లకు ఎదురు రావద్దని గడప దాటలే, మొకం గూడ సూపెట్టలే తల్లి.

"రాజయ్యా, ఎందుకాపినవయ్యా?"

"వదినా, దినాలు గాలే గద..."

"ఆయిన ఇంటి ముందట బ్యాండు ఆగుడేంది? సప్పుడు లేక నాకు ఇల్లు మింగవట్టింది. కొట్టున్రి."

పిలగాని మేనమామ ఉరికొచ్చిండు, "వద్దు వద్దు, అరిష్టం" అని. అప్పుడు శావుకారి పెండ్లాము, పిల్ల తల్లి, ముందటికొచ్చింది. "నా లగ్గానికి డ్రమ్ము కొట్టింది గీ ఇంటాయినె. నా సంసారానికేమైంది? మంచిగనే ఉన్న గద. కొట్టున్రి" అన్నది. మేనమామ పక్కకు జరిగిండు.

అందరు నా దిక్కే సూస్తాండ్రు. నోట్ల వెట్టుకున్న. రాలే బిడ్డా. ఊపిరి రాలే. ఇజ్జత్ వోయింది, ఇగ ఈడనే కింద వెట్టి పోత అనుకున్న.

గప్పుడు తలుపు మోగింది. లోపట్నుంచి మీ నాయినమ్మ అరచేత్తోని తలుపు మీద కొడ్తాంది. ఊకె కాదు, సమ్మన్న నడక దెబ్బ! గదే బరువు, గదే ఆగుడు. ఇంట్ల ఆయిన కొట్టంగ కొట్టంగ ఆమె చేతికి గూడ వచ్చినట్టున్నది, మాకెవలకు తెల్వది. కొత్తోడు ఇని అందుకున్నడు. నేను కండ్లు మూసుకున్న.

ఊదిన. మస్తు ఊదిన. ఏడ్సుకుంట ఊదిన, ఏం సిగ్గు? గల్లీ దాటేదాక తలుపు మోగుతనే ఉన్నది. అటెన్క పండ్లు ఊడేదాక మల్ల క్లారినెట్ ఇడువలే.

మీ నాయినమ్మ ఒక్కనాడు గూడ గా ముచ్చట ఎత్తలే. నేను అడుగలే. గిన్ని పెండ్లిళ్లు చేసిన, గంత మంచి దెబ్బ... ఏమో, సమ్మన్న గూడ కొట్టలేదేమో.

లేస్తానవా? పైలం బిడ్డా. రేపు నీకూ ఓ ఇల్లయితది. గా ఇల్లు ఎన్నడు సప్పుడు లేకుంట ఉండద్దు. పిల్లలు ఏడ్వనీ, కుక్కర్ కూతవెట్టనీ, నువ్వూ మీ ఆయినె కొట్లాడుకోన్రి, ఏం గాదు... ఏదో ఒకటి మోగుతాండాలె ఇంట్ల. మోగుతనే ఉండాలె...